‘నైస్’ అని రాస్తే తిట్టినట్టా?

ప్రశ్న: సార్, నేను దేవరకొండ దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతి పిల్లలకు ఇంగ్లీషు చెప్తాను. నోటుబుక్కులు దిద్దేటప్పుడు బాగా రాసిన వాళ్లకు కింద ‘నైస్’ అని రాసి సంతకం పెట్టడం నా అలవాటు. పోయిన వారం ఒక పాప వాళ్ల నాన్న స్కూలుకు వచ్చి ఫోన్లో ఒక వీడియో చూపించాడు. నైస్ అనే మాటకు అసలు అర్థం ‘తెలివి లేనివాడు’ అని అందులో ఉంది. ‘మా పిల్లను మొద్దు అని రాస్తరా మేడం?’ అని అందరి ముందూ అడిగాడు. మా హెడ్ సారు ఆయనకు సర్దిచెప్పకపోగా, ఇకనుంచి ‘గుడ్’ అని మాత్రమే రాయమన్నారు. ఇప్పటిదాకా రాసిన నైస్‌లన్నీ కొట్టేయమన్నారు. మొత్తం 42 నోటుబుక్కులు. నేను డిగ్రీ దాకా తెలుగు మీడియమే, బీఈడీలో ఇంగ్లీషు మెథడాలజీ తీసుకున్నాను. తప్పు నాదేనేమోనని టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్ర లేదు. ఆ వీడియోలో చెప్పింది నిజమేనా? నిజమైతే నేనేం రాయాలి? వచ్చే నెల పేరెంట్స్ మీటింగులో ఆయన మళ్లీ అడిగితే ఏం చెప్పాలి?
— ఒక టీచర్, నల్లగొండ జిల్లా

సమాధానం:

అమ్మా, ముందు మీ నిద్ర సంగతి. మీరు తప్పేమీ చేయలేదు. ఈ ఒక్క మాట చదివి పడుకోండి, మిగతాది రేపు తీరిగ్గా చూసుకోవచ్చు.

ఇక ఆ వీడియో. చెప్పడానికి ఇబ్బందిగానే ఉంది గానీ, అందులో ఉన్నది అబద్ధం కాదు. లాటిన్‌లో ‘నెస్కియుస్’ అనే మాట ఉంది. ‘నె’ అంటే లేదు, కాదు. ‘స్కీరె’ అంటే తెలియడం. రెండూ కలిస్తే ఏమీ తెలియనివాడు. ఆ మాట ఫ్రెంచి నోళ్లలో నాని, అరిగి, ‘నీస్’ అయింది. అక్కడ దాని అర్థం తెలివి తక్కువవాడు, వట్టి అమాయకుడు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలుచుకున్నాక రాజుగారి కొలువులో, కచేరీలో ఫ్రెంచి భాషే నడిచింది. నిజాం ఏలుబడిలో తహసీలు, దస్తావేజు, జమాబందీ లాంటి మాటలు మన పల్లెల్లోకి ఎట్లా దిగాయో, అట్లాగే ఫ్రెంచి మాటలు వేలకు వేలు ఇంగ్లీషులోకి దిగాయి. 1300 ప్రాంతానికి ఈ ‘నైస్’ కూడా వచ్చి చేరింది. అప్పట్లో ఎవరినైనా నైస్ అంటే తిట్టే. 14వ శతాబ్దంలో ఛాసర్ అనే ఇంగ్లీషు కవి ఈ మాటను తెలివితక్కువతనానికే వాడాడు.

ఇంకో తమాషా వినండి. ఆ ‘స్కీరె’ నుంచే ‘సైన్స్’ కూడా పుట్టింది. అంటే మీ స్కూల్లో పక్క గదిలో సైన్సు టీచరు చెప్పే సబ్జెక్టూ, మీరు ఎర్ర పెన్నుతో రాసే మాటా ఒకే తల్లి పిల్లలు. ఒకటి తెలియడం, ఇంకోటి తెలియకపోవడం.

ఇంతవరకూ ఆ వీడియో సరిగ్గానే చెప్పింది. కాకపోతే అక్కడితో ఆగిపోయింది. నల్లగొండ బస్టాండులో హైదరాబాద్ బస్సెక్కి అదే ఊళ్లోని క్లాక్ టవర్ దగ్గర దిగి, హైదరాబాద్ చూసొచ్చిన అన్నట్టుంది. ఆ తర్వాత ఏడు వందల ఏళ్లు ఆ మాట ఎక్కడెక్కడ తిరిగిందో చెప్పలేదు. అసలు మజా అంతా ఆ తిరుగుడులోనే ఉంది.

తెలివి తక్కువవాడిలో ఏమేం చూస్తాం? కొందరు ఊరికే సిగ్గుపడతారు. కొందరు వేషాలెక్కువ వేస్తారు. ఇంకొందరు ప్రతిదానికీ వంక పెడతారు. నైస్ అనే మాట ఈ మూడు గుమ్మాలూ తొక్కింది. 1400 దగ్గరికి వచ్చేసరికి దానికి ‘వంకలు పెట్టే మనిషి’ అనే అర్థం బాగా పట్టుకుంది. మన ఇళ్లలో ఒకరుంటారు చూడండి, కూరలో ఉప్పు ఒక పలుకు ఎక్కువైనా కంచం జరిపేసేవాళ్లు. అలాంటివాళ్లు అన్నమాట. కానీ వంక పెట్టేవాడి నాలుకకు ఒక గుణం ఉంటుంది. అందరికీ తెలియని తేడా వాడికి తెలుస్తుంది. అట్లా మెల్లగా వంకల మనిషి కాస్తా సున్నితమైన మనిషి అయ్యాడు. సున్నితం నుంచి సూక్ష్మం. సూక్ష్మం నుంచి కచ్చితం. 16వ శతాబ్దానికి నైస్ అంటే వెంట్రుకవాసి తేడా కూడా పట్టుకునేది అనే అర్థం వచ్చేసింది. తెలియనివాడు అని మొదలైన మాట, అందరికన్నా బాగా తెలిసినవాడి దగ్గరికి వచ్చి నిలబడింది.

ఒక అర్థం వచ్చాక పాతది ఖాళీ చేసి పోయిందా అంటే, అదీ లేదు. ఒకే ఇంట్లో నలుగురు కోడళ్లు ఉన్నట్టు అన్నీ కలిసే ఉన్నాయి. 16, 17 శతాబ్దాల రాతల్లో చాలాచోట్ల రాసినాయన ఏ అర్థంలో నైస్ అన్నాడో తేల్చలేక నిఘంటువులు కూర్చినవాళ్లు తలలు పట్టుకున్నారు. షేక్‌స్పియర్ రోమియో జూలియెట్ నాటకంలో ఒక ఉత్తరం సంగతి ఉంది. రోమియోకు అందాల్సిన ఉత్తరం అందలేదని తెలిసి దాన్ని రాసి పంపిన ఫాదరీ గాభరాపడి, ఆ ఉత్తరం ‘నైస్’ కాదు, చాలా బరువైన విషయం ఉన్నది అంటాడు. అక్కడ నైస్ అంటే అల్పమైనది, పెద్దగా లెక్కలోకి రానిది. ఇవాళ్టి అర్థం పెట్టుకుని చదివితే ‘ఉత్తరం బాగాలేదు’ అని వస్తుంది, సీనంతా పాడైపోతుంది. మా క్లాసులో ఏటా ఒక్కరన్నా అట్లా రాసేవాళ్లు. నేను నవ్వుకుని ఒక మార్కు వేసేవాణ్ని, ధైర్యానికి.

1755లో శామ్యూల్ జాన్సన్ తన పెద్ద నిఘంటువులో నైస్‌కు మొట్టమొదట ఇచ్చిన అర్థం, ఇసుమంత తేడా లేకుండా తూచి చెప్పడం. మనం ఇవాళ వాడే ‘బాగుంది, హాయిగా ఉంది’ అనే అర్థం రాతలో దొరికేది 1769 నుంచి. దాన్ని పట్టుకుని జనం ఎంతగా వాడేశారంటే, యాభై ఏళ్లు తిరిగేసరికి జేన్ ఆస్టెన్ తన నవలలో ఒక పాత్ర చేత ఎగతాళి చేయించింది. మంచి రోజుకూ నైసే, నడకకూ నైసే, అమ్మాయిలకూ నైసే, ఈ ఒక్క మాట అన్నిటికీ సరిపోతుందే అని వెక్కిరిస్తాడు ఆ కుర్రాడు. ‘మనసు మంచిది, దయ గలవాడు’ అనే అర్థం ఇంకా ఆలస్యంగా, 19వ శతాబ్దంలో కలిసింది.

ఫ్రాన్సులో సముద్రం ఒడ్డున నీస్ అనే ఊరుంది, అక్షరాలు కూడా అవే. దానికీ దీనికీ చుట్టరికం లేదు. ఆ ఊరిపేరు గ్రీకులో విజయానికున్న మాట నుంచి వచ్చింది. రేపు దాని మీద కూడా ఒక వీడియో వస్తుంది, ముందే చెప్పి పెడుతున్నాను.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. ఆ నాన్నగారు నమ్మింది ఏమిటంటే, మాట పుట్టినప్పుడు ఉన్నదే దాని అసలు అర్థం, తర్వాత వచ్చినవన్నీ కల్తీ. చాలామంది చదువుకున్నవాళ్లు కూడా ఇట్లాగే అనుకుంటారు. మాటల పుట్టుక చెప్పే శాస్త్రానికి ఇంగ్లీషులో ఎటిమాలజీ అని పేరు. ఆ పేరు గ్రీకులో ‘నిజమైన’ అనే మాట మీద కట్టింది. కాబట్టి పేరులోనే ఆ భ్రమ ఉంది. కానీ ఆయన లెక్క ప్రకారం పోతే మన ఇంట్లో రోజూ మాట్లాడే మాటలు సగం నోటికి రాకుండా పోతాయి.

‘మస్తు’ తీసుకోండి. మన దగ్గర మస్తు లేకుండా పూట గడవదు. పెళ్లి మస్తుగ చేసిండు, వాన మస్తు పడ్డది, పిల్ల మస్తు చదువుతది. ఫారసీలో ఆ మాటకు అర్థం మత్తులో ఉన్నవాడు, తాగి తూలేవాడు. ఆ పాప ఇంటికి చుట్టాలొచ్చి ‘మీ బిడ్డ మస్తు హుషారు’ అంటే ఆ నాన్న ఛాయ్ ఇచ్చి కూర్చోబెడతాడా, కొట్లాటకు పోతాడా?

‘గరీబు’ అరబ్బీలో పరాయి ఊరివాడు, వింతైనవాడు. మన నోట్లోకి వచ్చేసరికి పేదవాడు. పరాయి ఊళ్లో అడుగుపెట్టినవాడికి చేతిలో ఏమీ ఉండదు కదా, ఆ దారిలో వచ్చిందేమో అనిపిస్తుంది. ‘తకరారు’ అయితే ఇంకా బాగుంటుంది. అరబ్బీలో దానర్థం చెప్పిందే మళ్లీ చెప్పడం. మనకు అది భూమి తగాదా. గట్టు పంచాయితీలు చూసినవాళ్లెవరికీ ఈ మార్పు ఎట్లా వచ్చిందని వివరించి చెప్పనక్కర్లేదు.

అచ్చ తెలుగులో చూసినా అంతే. పాత కావ్యాల్లో ‘కంపు’ అంటే పూల పరిమళం కూడా. ఇప్పుడు ఎవరి ఇంటికైనా వెళ్లి ‘మీ మల్లెపూలు కంపు కొడుతున్నాయి’ అని చూడండి. దాని తర్వాత అదే దారిలో ‘వాసన’ కూడా బయల్దేరింది. ‘సాక్సు వాసనొస్తున్నయ్’ అంటే అత్తరు వాసన అని ఎవరూ అనుకోరు. పైకి ఎక్కినవి కూడా ఉన్నాయి. ధర్మశాస్త్రాల్లో ‘సాహసం’ అంటే బలవంతంగా చేసే నేరం, దోపిడీ, దౌర్జన్యం. ఇప్పుడు నీళ్లలో పడ్డవాణ్ని కాపాడిన పిల్లలకు సాహస బాలలు అని పతకాలిస్తున్నాం. ముహూర్తం అంటే 48 నిమిషాల కొలత, మంచీ చెడూ లేదు. ఇప్పుడు ముహూర్తం అంటేనే మంచి ఘడియ. మీరు డిగ్రీ తెలుగులో అర్థవిపరిణామం పాఠం చదివే ఉంటారు. అందులో దిగజారిన మాటలకు అపకర్ష అనీ, పైకొచ్చిన వాటికి ఉత్కర్ష అనీ పేరు పెట్టారు. నైస్ ఈ రెండో జాబితాలో మాట. మీకు వచ్చిన పాఠమే, భాష మారేసరికి భయపడ్డారు, అంతే.

ఊరి పేర్లలో కూడా ఉన్నదే ఇది. 1890లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద పాలమూరును మహబూబ్‌నగర్ చేశారు. మహబూబ్ అంటే ప్రియమైనవాడు. ‘మాది మహబూబ్‌నగర్’ అనేవాళ్లలో ఆ అర్థం మనసులో పెట్టుకుని అనేవాళ్లు ఎందరు? బస్సు బోర్డు మీద మహబూబ్‌నగర్, నోట్లో పాలమూరు. రెండూ నడుస్తూనే ఉన్నాయి.

ఇక ఇంగ్లీషులోనే నైస్‌కు సరిగ్గా ఎదురు నడిచిన మాట ఒకటి ఉంది, ‘సిల్లీ’. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో దాని తాత ‘సేలిగ్’. అర్థం ధన్యుడు, దేవుడి చల్లని చూపు పడ్డవాడు. జర్మన్‌లో ఇప్పటికీ ఆ మాట ఆ అర్థంలోనే ఉంది. ఇంగ్లీషులో మాత్రం ధన్యుడు కాస్తా ఏ పాపం తెలియనివాడు అయ్యాడు, తర్వాత పాపం అని జాలిపడాల్సినవాడు, చివరికి బుద్ధిలేనివాడు. అంటే పుట్టుకే అసలు అర్థం అనేవాళ్లకు నోటుబుక్కులో ‘సిల్లీ’ అని రాస్తే ఆశీర్వాదం కింద లెక్క. నేనైతే ఈ మాట ఆ నాన్నగారి ముందు అనకుండా ఉండలేను. మీరు మాత్రం అనకండి. ఉద్యోగం ప్రైవేటుది.

ఇప్పటిదాకా చెప్పింది మిమ్మల్ని వెనకేసుకు రావడానికి. ఇక్కడినుంచి కొంచెం వేరేగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

పోయినేడు దసరాకు ముందు మా ఇంట్లోవాళ్లు ఐదు కిలోల జొన్నలిచ్చి గిర్నికి పంపారు. నాకన్నా ముందు ఒకామె ఉంది, నెత్తిమీద గంప దించుతూనే మొదలుపెట్టింది. ‘అన్నా, ఈసారన్న నైస్‌గ పట్టు. మొన్న బరక బరక పట్టినవ్, రొట్టె తడితే నడిమిట్ల ఇరిగింది.’ ఆయన ఏమీ మాట్లాడలేదు. జొన్నలు పోసి, చక్రం కొంచెం బిగించి, కింద గొట్టం దగ్గర చెయ్యి పెట్టాడు. చిటికెడు పిండి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దాడు. నచ్చలేదు. మళ్లీ ఇంకొంచెం తిప్పాడు. మళ్లీ రుద్దాడు. ఆమె కూడా చెయ్యి చాచి కొంచెం తీసుకుని అట్లాగే రుద్ది చూసింది. ‘ఆ, ఇగో, గిది నైస్’ అంది. వేడి పిండి వాసన, మీసాల నిండా తెల్లగా పిండి పట్టిన ఆ మనిషి, వాళ్లిద్దరి వేళ్ల మధ్య ఆ చిటికెడు. నేను సంచి పట్టుకుని అట్లాగే చూస్తూ నిలబడ్డాను. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పిన నాకు జాన్సన్ రాసిన అర్థం కళ్ల ముందు కనపడింది గిర్నిలోనే. ఇంత బరక కాదు, ఇంత మెత్తన కాదు, సరిగ్గా ఇంత.

మన తెలుగులో నైస్‌కు ఇంగ్లీషువాళ్లకు లేని సంసారం ఉంది. పిండి నైస్, సిమెంటు పూత నైస్, చీర బట్ట నైస్. ఇదొక వరస. ‘బిల్లు కట్టే టైముకు నైస్‌గా జారుకున్నడు’, ‘నైస్‌గా మాట్లాడి పైసలు పట్టుకపోయిండు’. ఇది ఇంకో వరస, నున్నగా ఉన్నది చేతికి చిక్కదు మరి. ఇంకొకటి వెక్కిరింపు. పాలు పొంగిపోయాక ‘నైస్’ అంటారు ఇప్పటి పిల్లలు, మనం ‘మంచి పని చేసినవ్ పో’ అన్నట్టే. ఇన్ని అర్థాలు మోసే మాటను మీరు నోటుబుక్కు కింద ఒంటరిగా రాసి వదిలేస్తున్నారు. నా ఫిర్యాదు అదొక్కటే. అది తిట్టు అని కాదు. దానితో పిల్లకు ఏమీ అందదని.

ఇది నాకు ఒక పిల్లాడు నేర్పాడు. జూనియర్ కాలేజీలో పని చేసే రోజుల్లో నేనూ మీలాగే నైస్ రాసి పక్కన ఒక గీత గీసేవాణ్ని. హాలియా వైపు పల్లె నుంచి వచ్చే కుర్రాడొకడు నాగార్జునసాగర్ మీద వ్యాసం రాశాడు. కింద నైస్ అని రాసిచ్చాను. మర్నాడు స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, ‘సార్, ఏది నైస్ సార్?’ అన్నాడు. పొగరుతో అడగలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. నేను ఏం చెప్పాలి? ఏం రాశాడో నాకు గుర్తుంటే కదా. నోటుబుక్కు తీసుకుని వాడి ముందే మళ్లీ చదివాను. డ్యామ్ పొడవు, ఇరవై ఆరు గేట్లు, కుడి కాలువ, ఎడమ కాలువ, ఇవన్నీ గైడులో ఉన్నవే. వాటి మధ్యలో ఒక్క వాక్యం, గ్రామర్ కొంచెం అటూ ఇటూగా ఉంది. గేట్లు ఎత్తినరోజు మా తాత నాకేదో చెప్తున్నాడు, చప్పుడుకు ఒక్క మాట వినపడలేదు, ఆయన మీసాల మీద నీటి తుంపర మాత్రం కనపడింది. దాని కింద గీత గీసి ‘ఇది’ అన్నాను. వాడు ఆ గీత వైపు చూసి, ‘అది నేను గైడ్ల చూసి రాయలే సార్’ అన్నాడు, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు. ఆ తర్వాత నోటుబుక్కులు తిరిగి ఇచ్చినప్పుడల్లా వాడు మార్కులకన్నా ముందు గీత ఎక్కడుందో వెతుక్కునేవాడు. అది చూసి మిగతావాళ్లు కూడా వెతకడం మొదలుపెట్టారు, నాకు పని పెరిగింది.

కాబట్టి ఏం రాయాలన్న మీ రెండో ప్రశ్నకు నా జవాబు, నైస్ రాయండి, కానీ ఏది నైసో కూడా రాయండి. ‘బికాజ్ సరిగ్గా వాడావు.’ ‘మీ అమ్మ బత్తాయిలు ఏరే సంగతి రాశావే, అది బాగుంది.’ ‘స్పెల్లింగులు నాలుగు తప్పు, వాక్యం మాత్రం నిలబడింది.’ ఇంగ్లీషులో రాయగలిగితే ఇంగ్లీషులో, లేకపోతే తెలుగులో. తెలుగులో రాస్తే ఇంట్లో తల్లికి కూడా చదవడానికి వీలవుతుంది, అందులో నామోషీ ఏమీ లేదు. రోజూ అందరికీ రాయలేరు, అది నాకు తెలుసు. రోజుకు ఎనిమిది మందికి రాస్తే వారంలోపు తరగతి అంతా ఒక చుట్టు వస్తుంది. మిగతావాళ్లకు ఆ రోజుకు సంతకం చాలు.

ఇంగ్లీషులో ఇవాళ్టికీ నైస్‌కు ఆ పాత కచ్చితమైన అర్థం పూర్తిగా పోలేదు. రెండు విషయాల మధ్య పైకి కనపడని సన్నని తేడాను పట్టి చూపిస్తే దాన్ని ‘నైస్ డిస్టింక్షన్’ అంటారు. కోర్టు తీర్పుల్లో, పెద్ద పత్రికల వ్యాసాల్లో తగులుతుంటుంది. ఎక్కడన్నా కనపడితే ‘మంచి తేడా’ అని అనువాదం చేసుకోకండి.

మీ హెడ్ సారు చెప్పిన ‘గుడ్’ గురించి. ఆ మాట పుట్టుకలో వంక పెట్టడానికేమీ లేదు, ‘తగినది, కుదిరినది’ అన్న అర్థం నుంచి వచ్చింది. దేవుడు అనే ‘గాడ్’కూ దానికీ సంబంధం ఉందని ఎవరైనా చెప్తే నమ్మకండి. అయితే ఒట్టి గుడ్ రాసినా ఒట్టి నైస్ రాసినా ఒకటే. పెద్దాయన అన్నారు కాబట్టి గుడ్ అని రాసి, దాని పక్కన మీ వాక్యం రాయండి. దాన్ని ఆయన కాదనరు. ఆయన భయం మాట గురించి కాదు, ఆఫీసు గది ముందు ఇంకో పేరెంట్ వచ్చి గొంతు పెంచడం గురించి. హెడ్ మాస్టర్లను నేను చాలామందిని చూశాను.

ఇక మీటింగు. మూడు సంగతులు గుర్తు పెట్టుకోండి. ఆయన ఫోన్ తీస్తే మీరు ఫోన్ తీయకండి. ఆయనొక వీడియో, మీరొక వీడియో అయితే అది అరబ్బీ తకరారు అవుతుంది, ఆ తర్వాత తెలుగు తకరారు కూడా. రెండోది, ఆయన చెప్పింది తప్పు అని మొదలుపెట్టకండి, ఎందుకంటే తప్పు కాదు. ‘మీరు చెప్పింది నిజమే సార్. ఆ మాట పుట్టుక అదే. మీరు అన్నాక నేను చదివి చూసుకున్నాను. ఇవాళ మాత్రం ఆ అర్థంలో ఎవరూ వాడరు’ అనండి. స్కూల్లో ఇంగ్లీషు నిఘంటువు ఒకటి ఉంటుంది కదా, ముందే ఆ పేజీలో కాగితం పెట్టి ఉంచుకోండి, ఆయనకే ఇచ్చి చదవమనండి. మూడోది, గిర్ని. ‘మీ ఇంట్లో పిండి నైస్‌గా పట్టించుకురమ్మని చెప్తారా సార్?’ అని అడగండి. చెప్పం అనే ఇల్లు మన జిల్లాలో ఉండదు. ఆయన నవ్వితే సగం పని అయినట్టే. నవ్వకపోతే వదిలేయండి, నిఘంటువు చదవనిచ్చి ఊరుకోండి.

ఒకటి మాత్రం ఆయన వైపునుంచి కూడా చూడండి. కూతురి నోటుబుక్కు తెరిచి, టీచరు ఏం రాసిందో చూసి, దాని అర్థం కోసం వెతికిన తండ్రి ఆయన. వెతికిన చోటు బాగాలేదు, అడిగిన తీరు బాగాలేదు. పది మందిలో అనడం మాత్రం నాకూ నచ్చలేదు. కానీ సంవత్సరమంతా నోటుబుక్కు ముఖం చూడని పేరెంట్స్ మీకు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. పాప ముందు మాత్రం ఈ గొడవ ఎత్తకండి. ఆ రోజు తనూ అక్కడే ఉండి ఉంటే, వాళ్ల నాన్న అరిచినందుకు మీకన్నా తనకే ఎక్కువ సిగ్గుగా ఉండి ఉంటుంది.

ఇక మిగిలింది ఆ కొట్టివేతలు. ఎర్ర ఇంకుతో రాసిన మాటను ఎర్ర ఇంకుతో కొట్టేస్తే ఆరో తరగతి పిల్లలు ఊరుకోరు. ‘మేడం, నాది ముందు నైస్, ఇప్పుడు నైస్ కాదా?’ అంటారు, 42 మందికీ ఒక్కొక్కరికీ మళ్లీ ఈ కథంతా చెప్పుకోవాలి. హెడ్ సారుతో మెల్లగా మాట్లాడి, కొట్టేయను సార్, కింద ఒక లైను చేరుస్తాను అని ఒప్పించండి. మూడు సాయంత్రాల పని. ఆ పాప నోటుబుక్కు అన్నిటికన్నా ముందు తీయండి. తను రాసిన వాటిలో మీకు నిజంగా నచ్చిన వాక్యం ఒకటి దొరికేదాకా చదవండి, దొరికాక దాని కింద గీత గీయండి.